బండి ఎంతిస్తుంది?

కొండమీది ఆ చిన్న కాలనీలో ఆయన పేరు లీటరు. కన్నవాళ్లు ఇంకేదో పెట్టారు గానీ అది జీతం సంతకానికి తప్ప మరెందుకూ పనికిరాలేదు. ఏ ఇంటి ముందు కొత్త బండి ఆగినా ఈయన చెప్పుల్లో కాళ్లు దూర్చుకుని బయల్దేరేవాడు. బాగుందనో బాగోలేదనో అనేవాడు కాదు. "లీటరుకు ఎంతిస్తుంది?" అని అడిగేవాడు. వాళ్లు కంపెనీ వాడు చెప్పిన అంకె గొప్పగా చెప్పేవాళ్లు. ఈయన పకపకా నవ్వేవాడు. "అది కాగితం మీద నడిచిన బండి లెక్క నాయనా. నువ్వు రోడ్డు మీద కదా నడిపేది!" దాంతో ఆ ఇంట్లో కొత్త బండి సంబరం సగం నీరుగారిపోయేది.

ఆయన నీళ్ల శాఖలో జీపు డ్రైవరు. కొండమీద పంపుహౌసు, దాని వెనక పెద్ద ట్యాంకు, కింద ఊరు. ఇంజనీర్లను పైకీ కిందికీ మోయడమే ఉద్యోగమంతా. ఆ జీపు ఫోర్ వీల్ బండి, ఆయన సర్వీసంత పాతది. శాఖకు కొత్త బండ్లు వచ్చాక దాన్ని పాతసామాను కింద వేలానికి పెట్టారు. అదే ఏడు ఈయనా రిటైరయ్యాడు. ఇద్దర్నీ ఒకేసారి ఇంటికి పంపారని ఆఫీసులో నవ్వుకున్నారు. ఈయన నవ్వలేదు, వెళ్లి ఆ బండినే పాడుకుని ఇంటికి తోలుకొచ్చాడు. వాకిట్లో నిలబడ్డ భార్య బండిని చూసి, ఆయన్ని చూసి, "ఇన్నాళ్లూ ఆఫీసులో పెట్టుకున్నారు. ఇప్పుడు సవతిని ఇంటికే తెచ్చేశారన్నమాట," అంది. పిల్లలు లేని ఇల్లు. బండిక్కూడా చోటు సరిపోయింది.

ఆ బండిలో డీజిలు ముల్లు ఎప్పుడో సగం దగ్గర ఆగిపోయింది. ట్యాంకు నిండినా సగమే, ఎండినా సగమే. ఈయన దాన్ని బాగు చేయించలేదు. ఒక సన్నటి వెదురు పుల్ల చెక్కి, దాని మీద చాకుతో గాట్లు పెట్టుకున్నాడు. ఉదయాన్నే ట్యాంకు మూత తీసి పుల్ల దించి, తడి ఏ గాటు దాకా ఉందో చూసేవాడు. చల్లటి ఇంజను, చదునైన చోటు, కదలని బండి. ఇవి మూడూ కుదరకపోతే కొలవకూడదని ఆయన నియమం. కొండ ఎక్కితే ఎంత, దిగితే ఎంత, వానలో ఎంత, టైర్లలో గాలి తగ్గితే ఎంత, అన్నీ నోటికి వచ్చు. మొత్తం మీద లీటరుకు పదకొండు కిలోమీటర్లు ఇస్తుందని చెప్పేవాడు. చెప్పేటప్పుడు గొంతులో కాస్త గర్వం తొణికేది. అంత పాత ఫోర్ వీల్ బండి, అంత పాడు రోడ్డు మీద, పదకొండు! "బండి తాగేది డీజిలు కాదు, డ్రైవరు తొందర," అని కుర్ర డ్రైవర్లకు నీతులు చెప్పేవాడు.

పెద్ద గేరు కడ్డీ పక్కన ఆ జీపుకు ఇంకో చిన్న లివరు ఉంది. దాన్ని వెనక్కి లాగితే నాలుగు చక్రాలూ లాగుతాయి, బండి నత్తలా పాకుతుంది, గతుకులో కూడా కుదుపు లేకుండా పట్టుకుని దిగుతుంది. కాకపోతే ఇంజను గొంతు చించుకుంటుంది, డీజిలు నీళ్లలా పోతుంది. బురదలో చక్రం కూరుకుపోతే తప్ప ఈయన దాని మీద చెయ్యి వేసేవాడు కాదు. ఒకసారి ఓ చిన్న ఇంజనీరు, "గతుకులు ఎక్కువున్నాయి, అది వేయొచ్చుగా," అన్నాడట. "నడుం నొప్పికి లివరు వెయ్యరు సార్," అని ఈయన జవాబు. ఆ మాట ఆఫీసులో చాలాకాలం తిరిగింది.

తర్వాత భార్యకు వెన్నెముకలో జబ్బు వచ్చింది. మామూలు నడుం నొప్పి అనుకుని నూనెలు రాసుకుంటూ కాలం గడిపేశారు. పెద్దాసుపత్రిలో ఫొటోలు తీసి చూసేసరికి క్యాన్సరు, ఎముకలోకి పాకిపోయి ఉంది. కరెంటు, అదే రేడియేషను, పెట్టించాలన్నారు, వారంలో చాలాసార్లు రావాలన్నారు. తగ్గుతుందా అని ఈయన అడిగితే, నొప్పి తగ్గుతుంది అన్నారు డాక్టరమ్మ. ఆ రెండింటికీ తేడా ఏమిటో ఈయనకు ఆస్పత్రి మెట్లు దిగేటప్పుడు అర్థమైంది. భార్యకు అక్కడే, గదిలోనే అర్థమైంది.

కొండ మీదికి బస్సు లేదు. రాళ్ల క్వారీ లారీలు తిరిగి తిరిగి రోడ్డు గుంటలు పడిపోయింది. ఒక మలుపు కింద చిన్న వాగులాంటి వంక అడ్డం వచ్చి, వాన నీళ్లు రోడ్డును కోసుకుపోయాయి. అక్కడ మాత్రం చిన్న లివరు వాడక తప్పదని మొదటి రోజే నిర్ణయించుకున్నాడు. ఆ కాస్త దూరానికీ ఎంత అదనంగా తాగుతుందో లెక్కలో కలిపేసుకున్నాడు కూడా. ముందు సీటుకు పరుపు ముక్క కుట్టించాడు. నడుం వెనక దిండు. ఆమె రెండు చేతులతో ముందున్న కడ్డీ పట్టుకుని, పెదవులు బిగించి కూర్చునేది. మూలిగేది కాదు. కళ్లు మూసుకునేది, అంతే. ఈయన ఒక కంట రాళ్లను, ఒక కంట ఆ మూసిన కళ్లను చూస్తూ నడిపేవాడు.

ఓ వారం గడిచాక పుల్ల దించి చూస్తే తడి రావలసిన గాటుకు చాలా కింద ఉంది. తప్పు కొలిచానేమో అనుకుని మళ్లీ దించాడు. పుల్ల అబద్ధం చెప్పదు. పదకొండు ఇచ్చే బండి ఎనిమిది ఇస్తోంది. ఇంకొన్నాళ్లకు ఆరుకు పడింది.

ఇక ఆయనకు కంటి మీద కునుకు లేదు. భార్య జబ్బు ఆయన చేతిలో లేదు. బండి జబ్బు ఉందిగా, దాని మీద పడ్డాడు. గాలి జల్లెడ మార్చాడు, బ్రేకులు పట్టేస్తున్నాయేమోనని చక్రాలన్నీ విప్పి చూశాడు, టైర్లలో గాలి రోజూ నొక్కి చూసుకున్నాడు. బరువు తగ్గిద్దామని పనిముట్ల పెట్టె దించేశాడు, వెనక బల్లలు పీకేశాడు. అదంతా మంచం మీంచి కిటికీలో చూస్తూ ఆమె, "ఏమండీ, నేను చూడండి, సగానికి సగం తగ్గిపోయాను. అయినా మీ బండి తిండి తగ్గలేదా?" అంది. మర్నాడు ఆమె బండెక్కుతూ దిండు ఇంట్లోనే వదిలేసింది. "దిండు బరువెంతే, పిచ్చిదానా!" అని కసిరి, వెనక్కి వెళ్లి తెచ్చి పెట్టాడు.

కానీ దారి పొడుగునా సణుగుడు మాత్రం ఆపేవాడు కాదు. "తాగేస్తోంది. గటగటా తాగేస్తోంది. ఏ మాయరోగమో దీనికి," అంటూనే ఉండేవాడు. ఆమె కళ్లు మూసుకుని వినేది. ఇంటికి వచ్చి పడుకున్నాక, "ఇవాళ ఎంతిచ్చింది?" అని అడిగేది.

"ఆరు. అది కూడా బొటాబొటీగా."

ఆమె నవ్వేది. ఆయనకు ఒళ్లు మండిపోయేది. "నీకు నవ్వులాటగా ఉందా?"

"పోన్లెండి. ముసలి బండి. తాగనివ్వండి," అనేది.

డీజిలు ఎవరో తీస్తున్నారన్న అనుమానం తర్వాత వచ్చింది. ఆమె తమ్ముడికి డీజిలుతో నడిచే నీళ్ల మోటారు ఉంది. అక్కను చూడ్డానికి ఈ మధ్య తరచుగా వస్తున్నాడు, వాకిట్లో పడుకుంటున్నాడు. ఈయన ఏమీ అనకుండా ట్యాంకు మూతకు తాళం వేశాడు. బామ్మర్ది చూసి నొచ్చుకున్నాడు. "ఏం బావా, నా మీద అనుమానమా?" అని అడిగితే, "ఎవరి మీదా లేదురా, గాలికి మూత ఊడిపోతోంది," అన్నాడు. ఇంత పెద్ద మూత గాలికి ఊడిపోవడమేమిటని ఎవరికైనా తెలుస్తుంది. అతను రావడం తగ్గించాడు. తాళం వేసినా తడి మాత్రం పైకి రాలేదు. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు.

ఒకనాడు ఉదయం పుల్ల దించితే తడి కింది గాటు దగ్గర ఉంది. ఊళ్లో బంకు దాకా వెళ్లడానికి అది చాలు. ఎన్నో ఏళ్లుగా చాలింది. డబ్బాలో ఉన్న డీజిలు పోసుకుందామా అని ఒక్క క్షణం అనుకుని, ఎందుకులే, దిగుడే కదా, అనుకున్నాడు. తన పుల్ల మీద, తన లెక్క మీద ఆయనకు అంత నమ్మకం. బండి వంక దాటి, రెండో మలుపు దగ్గర దగ్గి, మళ్లీ దగ్గి, ఆగిపోయింది.

అక్కడ నీడ లేదు. ఒక పక్క రాతి గోడ, ఇంకో పక్క లోయ. ఆమెను దించితే మళ్లీ ఎక్కించడం కష్టం. తన చొక్కా విప్పి అద్దానికి అడ్డంగా కట్టాడు. ఉత్త బనీనుతో రోడ్డు మధ్య నిలబడి, ఏ లారీ వస్తుందా అని చూశాడు. జీవితంలో ఆయన బండి డీజిలు లేక ఆగడం అదే మొదటిసారి. "ఈ మనిషి లీటరట," అని ఆమె నొప్పిలోనే ఎగతాళి చేసింది. చివరికి ఒక క్వారీ లారీ వాడు ఆగి డబ్బాతో డీజిలు పోశాడు. అంతటితో అయ్యేది కాదు, పైపుల్లో గాలి పట్టేసింది, అదంతా తీయాలి. ఆస్పత్రికి చేరేసరికి ఆ రోజు కరెంటు పెట్టడం అయిపోయింది, రేపు రమ్మన్నారు. అదే రోడ్డు మీద ఉత్తపుణ్యానికి ఆమెను వెనక్కి తెచ్చాడు. మర్నాడు మళ్లీ తీసుకెళ్లాడు.

ఆ పూట ఆయన మెకానిక్ షెడ్డుకు వెళ్లి, "నా లెక్క తప్పిందిరా," అన్నాడు. ఆ మాట చెప్పడానికి ఎంత చచ్చిపోయాడో మెకానిక్‌కు మొహం చూస్తే తెలిసింది. మెకానిక్ ఆయన్ని బాబాయ్ అని, ఆమెను పిన్ని అని పిలిచే మనిషి. పనిమంతుడే గానీ నోట్లో నువ్వుగింజ నానదు. అతను ట్యాంకు పైపు ఊడదీసి, ఒక సీసాలో కొలిచిన డీజిలు పోసి, దాన్ని రెండు సీట్ల మధ్య వేలాడదీసి ఇంజనుకు కలిపాడు. సీసా అయ్యేసరికి బండి ఎంత దూరం పోతుందో అదే అసలు మైలేజీ. ఇద్దరూ కలిసి కొండ ఎక్కి దిగారు. పదకొండు ఇచ్చింది.

"బండికి ఏ రోగమూ లేదు బాబాయ్," అన్నాడు మెకానిక్.

"మరి ఆరెందుకిస్తోందిరా?"

"ఈసారి పిన్నిని తీసుకెళ్లేటప్పుడు నేనూ వస్తా. వెనక కూర్చుని సీసా చూస్తా."

వచ్చాడు. వెనక బల్లలు లేవు కాబట్టి కిందే కూర్చున్నాడు. ఆస్పత్రికి వెళ్లేదాకా ఏదో ఒకటి వాగుతూనే ఉంటాడనుకుంటే, వాకిలి దాటిన కాసేపటికే అతని నోరు మూతపడింది. ఊళ్లో దిగాక ఈయన ఏమైందని అడిగితే నీళ్లు నమిలాడు. "డీజిలు పంపు బాబాయ్. బరువెక్కితే పంపు ఎక్కువ కొడుతున్నట్టుంది. రేపొచ్చి చూస్తా," అని తల దించుకుని వెళ్లిపోయాడు. మర్నాడు వచ్చి పంపు విప్పాడు, బిగించాడు. బండి మాత్రం ఆరే ఇచ్చింది. పంపు సర్దుకోవడానికి టైము పడుతుందన్నాడు. ఈయన నమ్మాడు. నమ్మక ఏం చేస్తాడు.

వానలు మొదలయ్యే రోజుల్లో ఆమె ఇక కరెంటు వద్దంది. డాక్టరమ్మ కూడా బలవంతం చేయలేదు. ఆఖరుసారి ఆస్పత్రి నుంచి వచ్చాక మంచం మీద సర్దుకుని, ఎప్పటిలాగే, "ఎంతిచ్చింది?" అంది.

"అయిదు," అన్నాడు ఆయన. ఆ రోజు దారిలో చాలాసార్లు ఆపవలసి వచ్చింది.

ఆమె ఆయన చెయ్యి పట్టుకుంది. పెళ్లయిన కొత్తలో తప్ప అలా పట్టుకున్నది లేదు. "అయిదే!" అని నవ్వింది. ఆ నవ్వుకు అర్థమేమిటో ఆయనకు తెలియలేదు. అరచెయ్యి కాయలు కాసి ఉంటే వేలితో తడిమి చూసింది. కొన్నాళ్లకు, ఒకరోజు తెల్లవారాక, ఆయన కాఫీ కలుపుతుండగా ఆమె పోయింది. గ్లాసు చేత్తో పట్టుకుని గుమ్మం దగ్గర నిలబడి పిలిచాడు. రెండోసారి కూడా పిలిచాడు.

జనం వచ్చి వెళ్లాక ఇంట్లో మిగిలింది ఆస్పత్రి వాళ్లు ఇచ్చిన చక్రాల కుర్చీ. దాన్ని తిరిగి ఇచ్చేయాలి. బండిలో వేసుకుని వెళ్లి ఇచ్చి వచ్చాడు. మర్నాడు ఉదయం అలవాటు కొద్దీ పుల్ల దించాడు. తడి పాత గాటు దగ్గర ఉంది. మళ్లీ దించాడు. పదకొండు.

ఇన్నాళ్లూ ఆ గాటు కోసం ఆయన ఎంత తపించాడు! ఇప్పుడది వచ్చింది గానీ, పరుగెత్తి వెళ్లి చెప్పడానికి మంచం ఖాళీగా ఉంది. అయినా మనసాగక మెకానిక్ షెడ్డుకు వెళ్లాడు. "ఎట్టకేలకు నీ పంపు సర్దుకుందిరా. పదకొండిచ్చింది. ఈ మాట వినే రాత మీ పిన్నికి లేకపోయింది," అన్నాడు.

మెకానిక్ చేతిలో పానా కింద పెట్టాడు.

"నేను పంపు మార్చలేదు బాబాయ్. కడిగి మళ్లీ అదే బిగించాను. దాని తప్పేమీ లేదు."

"మరి?"

"ఆ రోజు వెనక కూర్చున్నానా, పిన్నిని ఎక్కించి, దిండు సర్ది, నీ చెయ్యి నేరుగా చిన్న లివరు మీదికి పోయింది. వాకిట్లోంచే. మళ్లీ తీస్తావేమో, ఇప్పుడు తీస్తావేమో అని చూస్తున్నా. ఆస్పత్రి గేటు దాకా తియ్యలేదు. వచ్చేటప్పుడూ అంతే. సీసా గటగటా దిగిపోతోంది. నేను చెప్పబోయాను. పిన్ని వెనక్కి తిరిగి కళ్లతోనే వద్దంది."

ఆయన బండి వైపు తిరిగాడు. "వంక దగ్గరొక్కచోటే కదరా వేసేది," అన్నాడు, తనతో తనే మాట్లాడుకుంటున్నట్టు.

"మొదట్లో అంతేనంట. పంపు విప్పడానికొచ్చిన రోజు, నువ్వు కొట్టుకు వెళ్లినప్పుడు, పిన్ని చెప్పింది. మొదట వంక దగ్గరే, తర్వాత మలుపు నుంచి, తర్వాత గుమ్మంలోంచే. ఆయనకి తెలీదురా, చెయ్యే వేసేస్తోంది, అంది. మరి చెప్పొచ్చుగా పిన్నీ, పాపం ట్యాంకుకు తాళాలేసి సొంత బామ్మర్దిని అనుమానిస్తున్నాడు, అన్నాను. నవ్వింది."

"ఏమందిరా?"

"చెప్తే లెక్కేస్తాడురా, అంది. ఎంత దూరానికి ఎంత, అని. ఈ మనిషి పుట్టి బుద్ధెరిగాక లెక్కెయ్యకుండా చేసిన పని ఇదొక్కటే. అది నా కోసం చేస్తున్నాడు. ఉన్నన్నాళ్లు ఉంటాను, దీన్నిలా ఉండనీ, అంది. మా తమ్ముడికి నేను చెప్పుకుంటాలే, అంది."

ఆయన లేచి బండి దగ్గరకు వెళ్లాడు. తలుపు తీసి చూశాడు. చిన్న లివరు తల మీద కంపెనీ వాళ్లు చెక్కిన గీతలు ఉండేవి. ఎవరూ ముట్టుకోరు కాబట్టి ఇన్నేళ్లూ కొత్తగానే ఉండేవి. ఇప్పుడు సగం అరిగిపోయి నున్నగా ఉన్నాయి. రోజూ ట్యాంకు లోపలికి పుల్ల దించి చూసిన మనిషి, మోకాలి పక్కన ఉన్న దాన్ని చూడలేదు, ఇంజను అరుపు వినలేదు. సీటు మీద పరుపు ముక్క ఇంకా అలాగే ఉంది. దాని మీద చెయ్యి పెట్టి, షెడ్డు ముందు, అందరూ చూస్తుండగా భోరుమని ఏడ్చాడు. ఆమె పోయిన రోజు కూడా అంత ఏడవలేదు.

దారి పొడుగునా ఆమె చెవిలో తను పోసిన సణుగుడంతా గుర్తొచ్చింది. తాగేస్తోంది, తాగేస్తోంది అన్నాడు. ప్రతిసారీ ఆమె ఎంతిచ్చిందని అడిగి, అంకె తగ్గినకొద్దీ ఎందుకు నవ్విందో ఇప్పుడు తెలిసింది. ఆమెకు తెలుసన్నది ఒక్కటే ఊరట. అది కూడా లేకపోతే ఆయన ఏమైపోయేవాడో. ఆ సాయంత్రమే బామ్మర్ది ఇంటికి వెళ్లి, ట్యాంకు తాళం అతని చేతిలో పెట్టాడు. "అక్క చెప్పింది బావా, లోపలికి రా," అన్నాడు అతను.

బండి వాకిట్లో ఉంటే ఆయన ఇంట్లో ఉండలేకపోయాడు. అమ్మకానికి పెట్టాడు. పక్క కొండ మీద తోట వేసుకున్న ఒక రైతు వచ్చి చూశాడు. చుట్టూ తిరిగాడు, టైర్లు తన్నాడు, ఇంజను విన్నాడు. చివరికి అందరూ అడిగేదే అడిగాడు.

"లీటరుకు ఎంతిస్తుంది పెద్దాయనా?"

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వుకున్నారు. లీటరును పట్టుకుని ఆ ప్రశ్న అడిగినవాడు అతనే మొదటివాడు. జవాబు ఠక్కున వస్తుందని చూశారు. ఆయన ముందు సీటు మీది పరుపు ముక్కను చేత్తో సర్దాడు.

"ఎవరిని ఎక్కించుకుంటావన్న దాన్నిబట్టి నాయనా," అన్నాడు.

రైతుకు అర్థం కాలేదు. ఎరువు బస్తాలు, మొక్కలు, అప్పుడప్పుడూ కూలీలు, అన్నాడు. అయితే పదకొండు ఇస్తుంది, అని ఈయన చెప్పాడు. పుల్ల ఇచ్చి, గాట్లు చూపించి, చల్లటి ఇంజను మీదే కొలవమన్నాడు. రైతు సీట్లో కూర్చుని చిన్న లివరు మీద చెయ్యి వేసి, ఇదెప్పుడు వాడాలని అడిగాడు. ఈయన ఆ చేతి మీద తన చెయ్యి పెట్టి, మెల్లగా పక్కకు తీశాడు.

"దీని అవసరం నీకు రాకూడదు," అన్నాడు.